పన్నెండు అక్షరాల సమానత్వం

స్ట్రెచర్ల గది, పెద్దాసుపత్రి
వేసవి మొదట్లో

అత్తా,

అన్యాయం జరిగింది. చేసినవాడు మా ఆసుపత్రి సూపరింటెండెంటు. క్షేమ సమాచారాలు తర్వాత రాస్తాను, ముందు ఇది విను.

బయటి రోగుల హాల్లో కొత్త బోర్డు బిగించారు. గోడకి గోడంత ఉంది. నల్లటి పలక, ఎర్రటి అక్షరాలు. డాక్టరు గదిలోకి గానీ ఇంజెక్షన్ గదిలోకి గానీ ఎవరి వంతు వస్తే వాళ్ల వివరం దాని మీద వెలుగుతుంది. డబ్బు కట్టి పై అంతస్తు గదుల్లో ఉండేవాళ్ల వంతు వచ్చిందనుకో, "శ్రీ" అని మొదలై, నిండు పేరు వచ్చి, చివర "గారు" అని వెలుగుతుంది. కింద బల్లల మీద కూర్చునేవాళ్ల వంతు వస్తే అంకె. ఉత్త అంకె! ఒకే గోడ, ఒకే బోర్డు, ఒకే కరెంటు. పైవాడు గారు, కిందివాడు నంబరు.

నిన్న ఒక మేస్త్రీని చక్రాల కుర్చీలో తెచ్చి ఆ బోర్డు ఎదురుగా కూర్చోబెట్టాను. మెట్లు ఎక్కీ దిగీ ఆయన మోకాళ్లు అరిగిపోయాయి. చీటీ చొక్కా జేబులో పెట్టుకున్నాడు. చెమటకి తడిసి దాని మీద అంకె అలుక్కుపోయింది. వంతు వచ్చింది, పోయింది, ఆయనకి తెలియలేదు. సాయంత్రం తలుపులు మూసేటప్పుడు నన్ను చూసి, "నా పేరు వేస్తే లేచేవాణ్ణి కదా బాబూ, పేరు చెమటకి పోదు కదా" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

బోర్డు నడిపే ఆవిణ్ణి ఇక్కడ అందరూ బోర్డక్క అంటారు. అద్దాల గదిలో కూర్చుంటుంది. ఆవిడది ఆర్నెల్లకోసారి పొడిగించే ఉద్యోగం. నేను వెళ్లి అద్దం మీద దబదబా బాదాను.

"నా మీద అరవకు. నేనేమన్నా కనిపెట్టానా దీన్ని?" అంటూ తన తెర నా వైపు తిప్పింది. "ఇది ఫార్మాట్ లైను. పై నుంచి రాసిచ్చారు. నేను వేలు పెట్టకూడదు."

ఆ లైన్లు చీటీ మీద ఎక్కించుకొచ్చాను. పైవాళ్లకి ఇది:

శ్రీ %s గారు

కిందివాళ్లకి ఇది:

%d %.0s

"ఆ సున్నా ఏమిటక్కా?" అన్నాను.

"పేర్లో సున్నా అక్షరాలు చూపించమని."

అత్తా, నువ్వు చదివింది నిజమే. సున్నా! పేరు మిషన్లో ఉంది. మేస్త్రీ పేరు, ఆయన తండ్రి పేరు, వీధి పేరు అన్నీ ఉన్నాయి. ఉండి కూడా సున్నా అక్షరాలు చూపించమని ఒక మనిషి కూర్చుని, ఆలోచించి, రాశాడు. నేను చదివిన చిన్న పోరాట పుస్తకాల్లో ఇలాంటి అన్యాయానికి చాలా పేర్లున్నాయి, ఈ సున్నా అంత నిక్కచ్చిగా ఒక్కటీ లేదు. కరపత్రం మొదలుపెట్టాను. "సున్నా అక్షరాల ప్రజలారా!!!" అని శీర్షిక. చిత్తుప్రతి జతచేస్తున్నాను.

నువ్వు స్టేషన్లకి బోర్డులు చేసే కంపెనీలో ఉన్నావు. ఈ గుర్తుల సంగతి నాకు నేర్పు. శత్రువు భాష తెలియకుండా పోరాటం ఎలా?

నీ మేనల్లుడు


బోర్డుల వర్క్‌షాపు, పరీక్ష బల్ల దగ్గర
నీ ఉత్తరం అందిన మర్నాడు

ముక్కు మీద కోపం మేనల్లుడికి,

నీ ఉత్తరం కాస్త దూరంగా పట్టుకుని చదివాను. దగ్గరగా పెట్టుకుంటే మైకు ముందు నిలబడ్డట్టుంది. అయినా ఉత్తరమే నయం. ఫోన్లో అయితే నువ్వు గుక్క తిప్పుకోవు, నేను "ఊ" కొట్టే లోపల ఇంకో ప్రభుత్వాన్ని కూలగొట్టేస్తావు. కరపత్రంలో "ప్రజలారా" తర్వాత మూడు ఆశ్చర్యార్థకాలు పెట్టావు. ఒకటి చాలు. మిగతా రెండూ దాచుకో, పనికొస్తాయి.

నీ సూపరింటెండెంటు చేసింది తప్పే. ఆ సున్నా నేనూ నమ్మలేక రెండోసారి చదివాను. అందుకే నేర్పుతున్నాను, విను.

పేరు ఒక చోట పూర్తిగా భద్రంగా ఉంటుంది. బోర్డు దాన్ని మార్చదు. ఫార్మాట్ లైను చెప్పేదల్లా దాన్ని ఎలా చూపించాలనే. శాతం గుర్తు అంటే "ఇక్కడ ఒకటి వస్తుంది, చోటు ఉంచు" అని. చివర ఎస్ ఉంటే వచ్చేది మాట, డి ఉంటే అంకె. మధ్యలో ఒక సంఖ్య రాశావనుకో, దానికి కనీసం అంత చోటు ఇస్తుంది. పేరు పొట్టిదైతే మిగతాది ఖాళీతో నింపుతుంది. ముందు మైనస్ పెడితే పేరు ఎడమకి జరిగి కూర్చుంటుంది. ఇక చుక్క. చుక్క తర్వాత సంఖ్య రాస్తే అంతకు మించి ఒక్క అక్షరం కూడా చూపించదు. కనీసం చెప్పే సంఖ్య చోటు ఇస్తుంది, చుక్క తర్వాతి సంఖ్య కత్తెర పట్టుకుంటుంది. నీ సున్నా ఆ కత్తెరే.

మన భాషకి ఇంకో తిరకాసు ఉంది. నువ్వు "స్త్రీ" అని ఒక్క అక్షరం రాస్తావు. మా పాత బోర్డులు దాన్ని ఆరుగా లెక్కపెడతాయి. ఒత్తూ, గుడీ, పొల్లూ అన్నీ వాటికి వేరువేరు. మా బల్ల మీద ఈ మధ్యే ఒక స్టేషన్ పేరు సగానికి తెగి, చివరి అక్షరం కొమ్ము ఊడిపోయి వేలాడింది. మా ఫోర్‌మన్ చూసి, "పాపం, దీనికి కట్టు కట్టండి" అన్నాడు. అందుకే ఏ లైను రాసినా నిజమైన పేర్లు పోసి చూస్తాం. అందమైన పేర్లు కాదు, అన్నింటికంటే పొడుగువీ, అన్నింటికంటే దగ్గర పోలిక ఉన్నవీ.

ఒక మాట అడుగుతాను. మేస్త్రీ సంగతి చెప్పావు, బాగుంది. ఆ హాల్లో కూర్చున్న మిగతావాళ్లని అడిగావా, మీ పేరు గోడ మీద వెలగాలా అని?

అర్జీ రాయి. సంతకాలు పెట్టించు. లైను రాసిచ్చినవాడి చేతే మార్పించు. నువ్వు మాత్రం ఆ కీబోర్డు జోలికి వెళ్లకు.

అత్త


స్ట్రెచర్ల గది
ఎండలు ముదిరాయి

అత్తా,

బోర్డు మారింది!

ఒక్క ఆశ్చర్యార్థకమే పెట్టాను, చూసుకో. ఇప్పుడు పైవాళ్లకీ కిందివాళ్లకీ ఒకటే లైను. "శ్రీ" లేదు, "గారు" లేదు, సున్నా లేదు. అందరికీ పన్నెండు అక్షరాలు. తక్కువైతే ఖాళీ, ఎక్కువైతే కోత. ఎవరికీ రవ్వంత ఎక్కువ కాదు, రవ్వంత తక్కువ కాదు. గోడ మీద పేర్లన్నీ ఎడమ అంచుకి ఆనుకుని సైనికుల్లా నిలబడ్డాయి.

హాలు చూడాల్సింది నువ్వు. ఒక వడ్రంగి తన పేరు వెలగగానే లేచి, లోపలికి వెళ్లకుండా అక్కడే నిలబడి చూస్తున్నాడు. "వెళ్లవయ్యా, డాక్టరు పిలుస్తున్నాడు" అని పక్కాయన తోస్తే, "ఉండు, పూర్తిగా చదువుకోనీ" అన్నాడు. హాలంతా నవ్వింది. అంత మంది రోగులు ఒక్కసారి నవ్వడం నేనెప్పుడూ వినలేదు.

పై అంతస్తు నుంచి సిల్కు చొక్కా పెద్దమనిషి ఒకాయన దిగొచ్చి, "నా పేరు చివర ఏదో ఉండాలే" అని వెతుక్కున్నాడు. "ఏముండాలండీ?" అని అమాయకంగా అడిగాను. "గారు" అని తన నోటితో తాను చెప్పుకోలేక, మొహం కందగడ్డలా చేసుకుని పైకి పోయాడు. ఆ క్షణం కోసం ఇంకో పదేళ్లు స్ట్రెచర్లు తోయమన్నా తోస్తాను.

సూపరింటెండెంటు ఏదో సమావేశాలకి వెళ్లాడు, వచ్చే వారం గానీ రాడు. వచ్చేసరికి జనం అలవాటుపడిపోతారు. అలవాటైన న్యాయాన్ని వెనక్కి లాగడం అంత తేలిక కాదు.

పరీక్ష చేయమన్నావుగా. చేశాం. నా పేరు, బోర్డక్క పేరు, సూపరింటెండెంటు పేరు పోసి చూస్తే మూడూ చక్కగా పట్టాయి.

అర్జీ పని కూడా నడుస్తోంది. నడుస్తుంది.

నీ మేనల్లుడు


బోర్డుల వర్క్‌షాపు
ఉత్తరం చదివిన వెంటనే

ఒరేయ్,

బోర్డు మారింది అన్నావు. బోర్డులు వాటంతట అవి మారవు. నా బతుకంతా వాటితోనే, ఒక్కటీ మారలేదు. పరీక్ష "చేశాం" అన్నావు. ఆ "చేశాం"లో ఎవరెవరున్నారు? నువ్వు గొప్ప పని చేస్తే "నేను" అని పెద్దక్షరాలతో రాస్తావు, నాకు తెలియదా? ఈసారి ఆ మాటే లేదు.

అది తర్వాత. ముందు పని చూడు. ఇంటిపేరు ముందు వస్తుంది కదరా! పన్నెండులో ఒత్తులూ గుడులూ పోగా నిజంగా మిగిలేవి ఆరో ఏడో అక్షరాలు. కాస్త పొడుగు ఇంటిపేరు ఉంటే దానికే సరి. మనిషి పేరు కత్తెరకి పోయినట్టే. ఒకే ఇంటివాళ్లు ఇద్దరు వస్తే ఇద్దరూ ఒకటే అవుతారు. మీ ముగ్గురివీ పొట్టి పేర్లు, వాటితో పరీక్ష చేస్తే ఏం తెలుస్తుంది? నీ చెప్పు నీకు సరిపోయిందని ఊరందరికీ అదే కొలత తీయించావు.

చుక్కా, చుక్క తర్వాత సంఖ్యా తీసేయించు. ఈ రోజే. అక్షరం కోయకుండా ఉంటే పొడుగు పేరు రెండో వరసలోకి దిగుతుంది, అంతే. గోడ కూలదు. అంకె కూడా పక్కనే ఉంచండి.

చేసి, చేశానని ఒక్క ముక్క రాయి.

అత్త


స్ట్రెచర్ల గది
మొదటి వాన పడిన రోజు

అత్తా,

నీ ఉత్తరం అందేసరికే జరగాల్సింది జరిగిపోయింది.

ఇద్దరు తోడికోడళ్లు వచ్చారు. ఒకే ఇంటిపేరు, పొడుగ్గా ఉంటుంది. చిన్నావిడకి కాలి పుండుకి ఇంజెక్షన్ రాశారు. పెద్దావిడ తల తిరుగుడు చూపించుకోవడానికి వచ్చింది. ఆ ఇంజెక్షన్ పెద్దావిడ ఒంటికి పడదు. ఆవిడ చీటీ మీద ఎర్ర సిరాతో రాసి కూడా ఉంది. బోర్డు మీద ఇంజెక్షన్ గదికి వంతుగా ఇంటిపేరు వెలిగింది. ఇంటిపేరొక్కటే. చిన్నావిడ మంచినీళ్ల దగ్గరికి వెళ్లింది. పెద్దావిడ లేచి ఇంజెక్షన్ గదిలోకి నడిచింది. నర్సు, "బోర్డు మీద ఉన్నది మీరేనా?" అని అడిగింది. ఆవిడ తలూపింది. ఎందుకు ఊపదు? తన ఇంటిపేరే కదా.

కాసేపటికి మొహం వాచిపోయింది. గొంతులో పిల్లిపిల్ల కూసినట్టు శబ్దం. స్ట్రెచర్ తోసింది నేనే. వరండా పొడుగునా ఆవిడ నా మణికట్టు పట్టుకునే ఉంది. వేళ్ల గుర్తులు పడ్డాయి. డాక్టర్లు గట్టెక్కించారు. ఇప్పుడు వార్డులో ఉంది, ఊపిరి బాగానే ఆడుతోంది.

సూపరింటెండెంటు తిరిగొచ్చాడు. వచ్చీ రాగానే ఏం చేశాడో తెలుసా? బోర్డక్కని ఆ రోజు నుంచే రావద్దన్నాడు. ఆర్డరు లేకుండా లైను మార్చిందట. విచారణ కమిటీ వేశారట, అది తేల్చేదాకా అద్దాల గదికి తాళం. పాత లైను మళ్లీ పెట్టించాడు. సున్నాతో సహా. ముగ్గురు పెద్దలు కూర్చుని ఒక కాంట్రాక్టు ఉద్యోగిని ఎలా బయటికి గెంటాలా అని ఆలోచిస్తారన్నమాట. ఉద్యోగం పోతే ఆవిడకి ఇంకో చోట దొరకదు. రిపోర్టులో "రోగి ప్రాణానికి ముప్పు తెచ్చినది" అని రాస్తే ఏ ఆసుపత్రి తీసుకుంటుంది?

అసలు దోషి ఎవరు? మొదట సున్నా పెట్టినవాడు! ఆ సున్నా లేకపోతే ఏదీ జరిగేది కాదు. చీటీ చదవని నర్సుదీ తప్పే. ఇంత మందికి ఒకే నర్సుని పెట్టిన వ్యవస్థదీ తప్పే. ఇవన్నీ పెట్టి కొత్త కరపత్రం రాస్తున్నాను. "బోర్డక్కని బలిపశువు చేస్తారా?" అని శీర్షిక. మూడు పేజీలు వచ్చింది. ఇంకా వస్తుంది.

అద్దాల గది ఖాళీగా ఉంటే చూడలేకపోతున్నాను. ఆవిడ కుర్చీ మీద వేసుకునే గళ్ల శాలువా అలాగే ఉండిపోయింది.

నీ మేనల్లుడు


బోర్డుల వర్క్‌షాపు
శనివారం, అందరూ వెళ్లాక

నాయనా,

ఆవిడ బతికినందుకు ముందు ఊపిరి పీల్చుకున్నాను. తర్వాత కుర్చీలో కూర్చుని నీ మూడు పేజీల గురించి ఆలోచించాను.

నేను తిట్టను. తిడితే నువ్వు నాతో పోట్లాడతావు, ఆ పోట్లాటలో అసలు విషయం తప్పించుకుపోతుంది. నీకది అలవాటు, చిన్నప్పుడు కూజా పగిలితే కుమ్మరి మట్టి సరిగ్గా కలపలేదని వాదించిన రకానివి.

సున్నా పెట్టినవాడిది తప్పు. నర్సుకి తీరిక లేకపోవడం తప్పు. రెండూ ఒప్పుకుంటాను. కానీ నువ్వు ఏకరువు పెట్టినవాటిలో "పన్నెండు" అన్న మాట ఎక్కడుంది? అది ఎవరు రాశారు అన్న వాక్యం ఎక్కడుంది? నువ్వు జైలుకి వెళ్లడానికి ఎప్పుడూ సిద్ధమే, నాకు తెలుసు. సిద్ధంగా లేనిది చిన్నబోవడానికి.

ఈ పని చేసేవాళ్లం రోజూ ఒకటి తేల్చుకోవాలి. చోటు కొంతే ఉంటుంది, ఏదో ఒకటి తెగుతుంది. ఎవరిది తెగితే ఎవరికి నొప్పో చూసి కత్తెర పెట్టాలి. నువ్వు అందరికీ ఒకే కొలత పెట్టి న్యాయం అనుకున్నావు. పొట్టి పేరువాడికి ఖాళీ దొరికింది, పొడుగు పేరువాడికి మెడ తెగింది. కొలత ఒకటే, బతుకులు ఒకటి కావు. నీ సూపరింటెండెంటు జనాన్ని అడక్కుండా సున్నా పెట్టాడు. పన్నెండు పెట్టినవాడు ఎంత మందిని అడిగాడు?

ఇలా చేయొచ్చు, ఎవరు చేసినా సరే. చీటీ రాసే కిటికీ దగ్గర ప్రతి మనిషినీ, "బోర్డు మీద మిమ్మల్ని ఏమని చూపించమంటారు?" అని అడిగి, చెప్పింది వేరే గడిలో రాయాలి. దానికి "చూపే పేరు" అని పెట్టుకోండి. నిండు పేరు కావాలంటే నిండు పేరు, ఒక్క ముక్క చాలంటే ఒక్క ముక్క, అంకె చాలంటే అంకె. బోర్డు ఆ గడిని కత్తెర లేకుండా చూపిస్తుంది. లోపల మందు ఇచ్చేటప్పుడు మాత్రం బోర్డు చూడకూడదు, చీటీ చూసి పూర్తి పేరు అడగాలి. ఇది రాతపూర్వకంగా ఉండాలి.

నన్ను క్షమాపణ అడుగుతూ ఉత్తరం రాయకు. నాకేం కాలేదు.

అత్త


రోగుల హాలు, మూడో బల్ల
మంగళవారం

అత్తా,

నేనే మార్చాను.

బోర్డక్క భోజనానికి వెళ్తూ, "కాసేపు కుర్చీలో కూర్చో, తెర ఆరిపోకుండా చూడు" అంది. నమ్మి అప్పజెప్పింది. ఆవిడ డబ్బా మూత తీసే లోపల లైను మార్చేశాను. చరిత్ర రాస్తున్నాననుకున్నాను. పరీక్ష "చేశాం" అని రాసింది అబద్ధం, నేనొక్కణ్ణే చేశాను.

నీ ఉత్తరం చదివి నిన్న వార్డుకి వెళ్లాను. పెద్దావిడ దిండుకి ఆనుకుని కూర్చుంది, మొహం చాలా వరకు తగ్గింది. చిన్నావిడ పక్కన కూర్చుని దువ్వుతోంది. నిలబడే చెప్పేశాను. సగంలో తడబడి, మళ్లీ మొదటి నుంచి చెప్పాను.

పెద్దావిడ దిండు మీంచి కాస్త ముందుకి వంగింది. "మా పేర్లు గోడెక్కించమని నిన్ను ఎవరు అడిగారు నాయనా?" అంది.

"మీరు అంకెలు కాదు, మనుషులని..."

"నేను మనిషినని నాకు తెలుసులే. మా వీధివాళ్లు సగం మంది ఆ హాల్లోనే ఉంటారు. నేను ఏ గదిలోకి వెళ్తున్నానో, ఎందుకు వెళ్తున్నానో గోడ చాటింపు వేయాలా? నంబరైతే నా మానాన నేను వెళ్లి వచ్చేదాన్ని."

చిన్నావిడ దువ్వెన ఆపింది. "నాకు మాత్రం పూర్తిగా వేయాలబ్బాయ్. పెళ్లయినప్పటి నుంచి అందరూ ఫలానా వాళ్ల చిన్నకోడలు అనే పిలుస్తారు. బోర్డు మీదన్నా నా పేరు చూసుకుందామంటే, సరిగ్గా నా దాకా వచ్చి కోసేశావు."

"నీకు పేరు పిచ్చి" అంది పెద్దావిడ.

"నీకు దాపరికం పిచ్చి" అంది చిన్నావిడ.

ఇద్దరూ ఒకే ఇంట్లో వండుకు తింటారు. ఇద్దరికీ చెరో రకం కావాలి. నేను ఇద్దరినీ కలిపి ఒకటి చేసి పారేశాను.

"నిన్ను క్షమించానో లేదో ఇంకా చూసుకోలేదు" అంది పెద్దావిడ. "ఒంట్లో బాగయ్యాక చూసుకుంటాను. ఆ బోర్డు పిల్ల సంగతి ముందు చూడు. ఆ పిల్ల నా వాంతి గిన్నె ఎత్తింది."

అక్కణ్ణుంచి బోర్డక్క ఇంటికి వెళ్లాను. మెట్ల మీద కూర్చుని బియ్యం ఏరుతోంది. నన్ను చూసి కొంచెం పక్కకి జరిగింది, కూర్చోమని.

"నాకు ఆ సాయంత్రమే తెలుసు. తెరలో కనిపించదా ఏమిటి?" అంది.

"మరి కమిటీకి ఎందుకు చెప్పలేదు?"

"హాల్లో అందరూ నవ్వుతున్నారు కదా, బాగానే ఉందిలే అనుకుని నేనూ వదిలేశాను. అంత వరకు నాదే. లైను నాది కాదు. అది చెప్పాల్సింది నేను కాదు." చేట దులిపి మళ్లీ ఏరుకుంటూ కూర్చుంది. అత్తా, ఆవిడ అరిచినా బాగుండేది.

ఇవాళ పొద్దున సూపరింటెండెంటు గదికి వెళ్లాను. చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"నువ్వు స్ట్రెచర్ తోసేవాడివి. ఫార్మాట్ లైను నువ్వు మార్చావంటే ఎవరు నమ్ముతారు?"

"శాతం, మైనస్, పన్నెండు, చుక్క, పన్నెండు, ఎస్. నమ్మకపోతే మీ ముందే రాసి చూపిస్తాను."

ఆయన నవ్వలేదు. గొంతు తగ్గించి మంచిగా మాట్లాడాడు, నాకు అదే భయమేసింది. "చూడు, రిపోర్టు తయారైపోయింది. ఆవిడ గడువు ఎలాగూ వచ్చే నెలకి అయిపోతుంది. నువ్వు మార్చావంటే ఎందుకు మార్చావని అడుగుతారు. అప్పుడు అంతకుముందు ఏ లైను ఉండేది, ఎవరు రాయించారని అడుగుతారు. ఇదంతా తవ్వుకోవడం ఎవరికి లాభం? వెళ్లు. నీ పని బాగా చేస్తావని అందరూ చెప్తారు."

నా తప్పుని ఆయన తన జేబులో వేసుకుంటానంటున్నాడు. బదులుగా నేను ఆయన సున్నాని నా జేబులో వేసుకోవాలి. ఇద్దరం హాయిగా ఉంటాం. బోర్డక్క ఒక్కర్తే బయటికి పోతుంది.

రాసిస్తానన్నాను. తీసుకోనన్నాడు. కమిటీ ముందు చెప్తానన్నాను. నిన్ను పిలవలేదు కదా అన్నాడు. గురువారం పదింటికి ఆయన గదిలోనే కూర్చుంటారట, బోర్డక్కని ఒక్కర్తినే పిలిచారు. తలుపు దగ్గర మనిషిని పెడతారట.

తలుపు అవతల నిలబడి ఒక్కణ్ణే అరిస్తే పిచ్చివాడంటారు. హాలు నిండా మనుషులుండగా చెప్పింది మాత్రం వినలేదనడం కష్టం. అందుకే మూడు పేజీల కరపత్రం చించేశాను. కొత్తది ఒకే పేజీ. ప్రెస్సులో అచ్చు పేర్చేటాయన చదివి, "ఇందులో తిట్లేవీ లేవే, నీదేనా?" అన్నాడు. నాదే అన్నాను. రెండో వాక్యం దగ్గర ఆగి నా మొహం చూసి, మళ్లీ పేర్చడం మొదలుపెట్టాడు.

ఉద్యోగం పోవచ్చు. అది కాదు భయం. ఆ వడ్రంగి, ఆ మేస్త్రీ, నా పేరు వేశారని మురిసిపోయినవాళ్లు, వాళ్ల మొహాల్లోకి చూసి చెప్పాలి. పొద్దుటి నుంచి అదే తలుచుకుంటున్నాను. నువ్వు చిన్నబోవడం అన్నది ఇదేనని ఇప్పుడు తెలిసింది.

ఇవాళ్టి నుంచి బల్ల బల్లకీ తిరిగి ఇస్తున్నాను. మేస్త్రీ కుంటుకుంటూ వచ్చి ఓ కట్ట అడిగి తీసుకున్నాడు, చదివాకే తీసుకున్నాడు. పెద్దావిడ తనని కుర్చీలో తోసుకొస్తే వస్తానంది, "చూసేందుకు, నిన్ను వెనకేసుకొచ్చేందుకు కాదు" అని గట్టిగా చెప్పింది. నీకొక ప్రతి ఇందులోనే ఎక్కించి రాస్తున్నాను. గురువారం పొద్దున మొదటి బండి ఎక్కితే నువ్వు కూడా అందుకోగలవు. "చూపే పేరు" సంగతి నా కంటే నువ్వు చెప్తేనే వాళ్లకి సరిగ్గా అర్థమవుతుంది.

నీ మేనల్లుడు

*హాల్లో కూర్చునేవారికి, పై అంతస్తువారికి, ఇక్కడ పనిచేసేవారికి.*

*బోర్డు మీద మీ పేరుకి సున్నా అక్షరాలు ఇచ్చింది సూపరింటెండెంటు. దాన్ని ఎవరినీ అడగకుండా పన్నెండు చేసింది నేను, స్ట్రెచర్ తోసేవాణ్ణి. ఆ పన్నెండు వల్ల ఒకావిడ ప్రాణం మీదికి వచ్చింది. బోర్డు నడిపే అక్క ఆ లైను రాయలేదు. ఆ తప్పు ఆవిడ మీద వేసి ఉద్యోగం తీసేయబోతున్నారు.*

*ఇది మీ అందరి ముందూ చెప్పి, కమిటీ దగ్గరికి వెళ్తాను. వెళ్లే ముందు ప్రతి ఒక్కరినీ అడుగుతాను, గోడ మీద మిమ్మల్ని ఏమని చూపించాలని. పేరన్నా, సగం పేరన్నా, అంకె అన్నా, ఏదీ వద్దన్నా, చెప్పింది చెప్పినట్టు రాసుకుని లోపలికి తీసుకెళ్తాను.*

*గురువారం, పొద్దున తొమ్మిదింటికి. రోగుల హాల్లో, బోర్డు కింద. రండి.*